మూడో పిస్టన్

కాపెల్,
మంగళవారం.

చిరంజీవి కృతికి అమ్మ ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వు క్యారీలో కాలేజీ గొడవల్లో పడి కూడా వేళకి తింటున్నావని తలుస్తాను. తినడం లేదని తెలుసు, అయినా ఉత్తరమన్నాక అలా రాయాలి కాబట్టి రాశాను.

ఫోన్ ఉండగా ఇదేమిటని నవ్వకు. వీకెండ్ తెలుగు క్లాసు హోంవర్కుగా మొదలైన ఉత్తరాలు మనిద్దరికీ అలవాటైపోయాయి. పైగా ఆదివారం నుంచి నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు "క్లాస్‌లో ఉన్నా అమ్మా" అన్నావు. మిగతా రెండుసార్లూ నువ్వు ఖాళీగానే ఉన్నావు, నేనే కందిపొడి సంగతి మాట్లాడి పెట్టేశాను. అందుకే దీన్ని ఓవర్‌నైట్ మెయిల్‌లో పంపుతున్నాను. పెట్టె అందగానే ముందు ఉత్తరం చదువు, లాండ్రీ అయ్యాక చదువుతానంటే ఊరుకోను.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ అదుపులోనే ఉంది, ఆవకాయ దగ్గర ఆయన చెయ్యే అదుపులో లేదు. మా గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగే. కందిపొడి పెట్టెలో పెట్టాను, మూత గట్టిగా బిగించు. ఇక "నా గన్ ఓపెన్ చేశావా? ఏం బ్రేక్ అయింది?" అన్నావు. విప్పాను. నువ్వు పంపిన ఆ ఆటతుపాకీలో గాలితో గుండుని తోసే పిస్టనే మళ్ళీ పోయింది, దాని పళ్ళన్నీ రాలి గ్రీజులో పడున్నాయి. సెప్టెంబర్ నుంచి ఇది మూడోది.

నీ ఉత్తరం రెండో పేజీ మూడుసార్లు చదివాను. "అమ్మా, నేను మెకానికల్ డ్రాప్ చేస్తున్నా. ఫ్రైడే ఫామ్ సైన్ చేస్తా. నేను బిల్డ్ చేసింది ఎప్పుడూ బ్రేక్ అవుతుంది. నా హ్యాండ్స్ మంచివి కాదు" అని రాశావు. ప్లాస్టిక్ గుళ్ళ గన్‌లతో ఆడే మీ ఎయిర్‌సాఫ్ట్ టీమ్ కెప్టెన్ నమ్రత అందరి ముందూ "కృతి బిల్డ్ చేసిందంటే సెకండ్ రౌండ్ దాటదు" అని నవ్విందని కూడా రాశావు. ఆ పిల్ల నోరు పడిపోను అని మొదట ఆ పిల్లని తిట్టుకున్నాను. ఆ తిట్టు ఎవరికి తగలాలో నాకు తెలుసు.

గన్‌తోపాటు పంపిన నీ నోట్‌బుక్ మొత్తం చదివానే. మొదటిసారి పళ్ళు పోతే ప్లాస్టిక్ నాసిరకమని ఇనప పళ్ళ పిస్టన్ వేశావు. గుళ్ళ వేగం తగ్గిందని ఫీల్డ్‌లో మీటర్ చూపిస్తే గాలి లీకవుతోందనుకుని రబ్బరు రింగులు మార్చావు. రెండోసారి పోతే గేర్లన్నీ విప్పి మళ్ళీ వరసలో కూర్చోబెట్టావు. ఏ రోజు ఏం మార్చావో, ఎన్ని గుళ్ళు పేల్చాక ఆగిందో అన్నీ రాసుకున్నావు. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను, ఇంత శుభ్రంగా బగ్ రిపోర్ట్ రాసినవాళ్ళు మా ఆఫీసులో నలుగురుంటే గొప్ప. పిస్టన్‌ని ముందుకి తోసే స్ప్రింగ్‌ని ఒక్కదాన్ని మాత్రం నువ్వు అనుమానించలేదు. అది నువ్వే ఏరి కొన్నావు, నీ చేత్తోనే పెట్టావు, ఇంకెందుకు అనుమానిస్తావు?

కృతీ, అందులో ఉన్నది నువ్వు పెట్టిన స్ప్రింగ్ కాదు. నేను మార్చాను.

ఆగస్టులో, నువ్వు క్యారీకి బయల్దేరే ముందు శనివారం. నువ్వూ నాన్నా కార్ టైర్లు మార్పించడానికి వెళ్ళారు. అంతకు ముందురోజే నాన్న స్నేహితుడు చక్రపాణి అంకుల్ టీకి వచ్చి, హాల్లో నీ గన్ చూసి, "రష్మిగారూ, ఎవరి కంట్లోనైనా తగిలితే కేసవుతుందండీ. మీ గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్ అంటే మాటలు కాదు" అని పోయాడు. ఆ రాత్రంతా నాకు కునుకు లేదు. ఈ దేశంలో స్పీడింగ్ టికెట్‌కి కూడా వణికిపోతూ బతికినదాన్ని. నువ్వు ఇక్కడే పుట్టావు, ఆ వణుకు నీకు తెలియదు, తెలియకూడదు కూడా.

లాయర్‌ని అడగొచ్చు. నిన్ను అడగొచ్చు. ఎవర్నీ అడగలేదు. తెల్లారగానే పక్కూరు ఇర్వింగ్‌లో ఈ గన్‌ల షాపుకి వెళ్ళి, నీ దానిలాగే కనిపించే బలహీనమైన స్ప్రింగ్ తెచ్చాను. గుండు మెల్లగా వెళ్తుంది, ఎవరికీ పెద్ద దెబ్బ తగలదు, అంతే కదా అనుకున్నాను. డైనింగ్ టేబుల్ మీద, నువ్వు గన్ విప్పుతూ తీసుకున్న వీడియోలే చూస్తూ విప్పి మార్చి, మరలు వరస తప్పకుండా బిగించాను. భలే చేశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, సిగ్గులేనిదాన్ని.

నీ ఉత్తరం చదవగానే అనుమానం వచ్చింది. రుజువు లేకుండా బగ్ ఒప్పుకునే రకం కాదు కదా మీ అమ్మ! ఆదివారం గరాజ్‌లో కూర్చున్నాను. అట్టపెట్టెలో పాత దుప్పట్లు కుక్కి, గుళ్ళు అందులోకి పేల్చాను. నా కుట్టుమిషన్ డబ్బాలో దాచిన నీ పాత స్ప్రింగ్, కొత్త పిస్టన్ వేశాను. ఇంకేదీ ముట్టుకోలేదు. నాన్న పక్కన నిలబడి లెక్క రాశారు. అయిదొందలకోసారి విప్పి చూశాం. వెయ్యి దాటింది, పదిహేనొందలు దాటింది. నిజం చెబుతున్నానే, ఒక్క పన్నైనా విరగాలని దేవుడికి మొక్కుకున్నాను. విరిగితే తప్పు నాది కాకుండా పోతుందని నా ఆశ. రెండు వేలకి కూడా ఒక్క పన్ను కదల్లేదు.

తర్వాత నేను మార్చిన స్ప్రింగ్ వేసి, ఇంకో కొత్త పిస్టన్ పెట్టాను. నాలుగొందలు దాటాక చప్పుడు మారింది. కాసేపటికి కర్రుమని ఆగిపోయింది. విప్పితే అయిదు పళ్ళు గ్రీజులో ఉన్నాయి. నువ్వు పెట్టిన మోటార్ వేగమైనది, దానికి తగ్గ స్ప్రింగే నువ్వు ఎంచావు. నా స్ప్రింగ్‌కి పిస్టన్‌ని ముందుకి తోసే బలం చాల్లేదు. అది పూర్తిగా వెళ్ళకముందే గేర్ తిరిగొచ్చి దాని పళ్ళు పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఉయ్యాల ఇంకా ఎదురొస్తుండగానే తోస్తే చేతికి దెబ్బ తగుల్తుంది చూడు, అలాగ.

నాన్న కాగితం బల్ల మీద పెట్టి, "రష్మీ, అమ్మాయికి చెప్పావా?" అన్నారు. లేదన్నాను. లోపలికి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, నేనూ బతిమాలలేదు.

నిన్న మా గ్రీన్ కార్డ్ లాయర్‌కి ఫోన్ చేశాను. మా ఫైలుకీ మా అమ్మాయి ఆటకీ సంబంధమే లేదని రెండు నిమిషాల్లో తేల్చేసింది. ఆ రెండు నిమిషాలు ఆగస్టులోనే ఖర్చు పెట్టలేక నీ నాలుగు నెలలు తగలేశాను.

నమ్రతకీ ఫోన్ చేశాను. నువ్వు కోప్పడతావని తెలిసే చేశాను. "కృతి కట్టింది సరిగ్గానే ఉందమ్మా, పాడుచేసింది నేను" అన్నాను. "ఓ మై గాడ్ ఆంటీ, మీరా?" అంది. అవును, నేనే అన్నాను. తర్వాత, "ఆంటీ, నేను అందరి ముందూ నవ్వాను. సారీ కూడా అందరి ముందే చెప్తా" అంది. మంచి పిల్లే, అనవసరంగా తిట్టుకున్నాను.

పెట్టెలో రెండు పిస్టన్లున్నాయి. తెల్లదారం కట్టింది రెండు వేలు ఆడింది, నీ స్ప్రింగ్ కూడా దానితోనే ఉంది. ఎర్రదారం కట్టింది నాది. రెండూ పక్కపక్కన పెట్టుకుని నువ్వే చూసుకో, నా మాట నమ్మకు.

మెకానికల్ వదలొద్దని నేను చెప్పను. నీకు ఇష్టం లేకపోతే మానెయ్, వేరేది చదువు, నేను అడ్డురాను. కానీ నీ చేతులు మంచివి కావన్న కారణంతో మాత్రం సంతకం పెట్టకు. అది అబద్ధం, ఆ అబద్ధం పుట్టించింది నేను. నాకు భయమేస్తే నిన్ను అడక్కుండా నీ వస్తువు విప్పాను. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది, అయినా చేతులు కట్టుకుని అడుగుతున్నాను. తిట్టాలనుంటే తిట్టు, ఎంతసేపైనా వింటాను. శుక్రవారం ఏం చేస్తున్నావే?

ఇట్లు,
నీ తప్పేమీ లేదని ముందే చెప్పాల్సిన
మీ అమ్మ.