జూలై మూడో వారంలో నా సగం

ఇది రాయకుండానే పోదామనుకున్నాను. రాసినవాళ్ల వారసులు కొట్టుకోవడమే తప్ప బాగుపడింది నేను చూడలేదు. కానీ సోమవారం ఇన్వర్నెస్ ఆసుపత్రిలో నా గుండె కోస్తారు. నదిలో నీళ్లు మోకాలి దాకా లేవు. బయట నిలబడితే సన్నదోమలు పీక్కు తింటున్నాయి. గుడిసెలో చదవడానికి నిరుటి గొర్రెల సంత పత్రిక తప్ప ఏమీ లేదు. అందుకని రాస్తున్నాను.

సదర్లాండ్ జిల్లా, ఓరన్ నది, దిగువ బీటు (చేపలు పట్టడానికి హద్దులు వేసిన నది ముక్క) గుడిసెలో ఉన్న ఫార్కర్ గిలెస్పీ అనే నేను, ఒకప్పటి తపాలా వ్యాను డ్రైవరును, ఒంట్లో గుండె తప్ప మిగతావన్నీ పనిచేస్తూండగా, పూర్తి మతిస్థిమితంతో, ఒకరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా, స్వహస్తాలతో రాసుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకుముందు రాసుకున్న దానితో మొన్న పొయ్యి రాజేశాం కనుక, అది రద్దయినట్టే.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా గిల్లీ ఈవర్ బెతూన్‌కి అప్పగిస్తున్నాను. గిల్లీ పని ఒడ్డున మా వెంట ఉండి, వల పట్టి, చేప పడనప్పుడు కారణం చెప్పడం. ఈవర్ చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: "పోయిన వారం రావాల్సింది సార్, చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి." ఆ పోయిన వారం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అయినా అతన్ని నమ్ముతున్నాను. నా ఆస్తి ఉన్నచోటే ఉంది, ఎదురీదుకుంటూ ఎటూ పోదు.

2. చనిపోయిన మా తమ్ముడి కొడుకు రనల్డ్‌కి నా గోడ బారోమీటరు. ఏ రోజు చూసినా "వాన" అనే చూపిస్తుంది. మా ఊళ్లో అది ఏడాదిలో చాలా రోజులు నిజమే కనుక బాగుచేయించలేదు. రనల్డ్ ఎడిన్‌బరోలో కంపెనీ ఉద్యోగులకి విహారాలు ఏర్పాటు చేస్తుంటాడు. ఒకసారి ఇక్కడికొచ్చి, నది వంక చూసి, "పెదనాన్నా, ఇక్కడ ఒక స్పీకరు పెడితే ఎంత బాగుంటుందో" అన్నాడు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

3. మా అక్క ఎఫీ నాకు అల్లిచ్చిన ఊలు టోపీని మా బావ టొర్క్విల్ మాథసన్‌కి ఇస్తున్నాను. నా కోసమే అల్లింది గానీ, కొలతకి ఇంట్లో దొరికిన తల మొగుడిదే. అందుకే అది నా చెవులు దాటి ముక్కు మీద ఆగుతుంది. దాంతో నేను సగం నదే చూశాను. అక్క పోయాక కూడా అదే పెట్టుకుంటున్నాను. ఇక ఆ తల అతనిదే, టోపీ అతనిదే.

నీళ్లెక్కే నా రబ్బరు బూట్లు కూడా అతనికే. కన్నం ఎడమకాలికి. ఏ చోటో చెప్పను. ఎందుకు చెప్పనో కింది అంశంలో ఉంది.

4. సదరు టొర్క్విల్ వాదిస్తున్న చేపపై అతనికి ఎలాంటి హక్కూ, వాటా, దావా లేవని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. వివరం: ఒక జూలైలో అతను పొద్దున పై మడుగులో ఒక సాల్మన్‌ని తగిలించి, లాగి, దారం తెంపుకున్నాడు. గాలం చేప దవడకే ఉండిపోయింది. మధ్యాహ్నం అదే చేప కింది మడుగులో నా గాలానికి పడింది. ఒడ్డుకి తెచ్చి చూస్తే ఒక దవడకి నాది, ఇంకో దవడకి అతనిది. పెళ్లికి నగలు పెట్టుకున్నట్టుంది.

"నా చేప. నువ్వు పట్టుకొచ్చి ఇచ్చావంతే, మంచిది" అన్నాడు బావ.

"బావా, నువ్వు పోగొట్టుకున్నది నాకు దొరికితే నాదవుతుంది."

"తప్పిపోయిన గొర్రె నీ కొండ మీద దొరికితే నీదవుతుందట్రా? చెవి మీద ఎవరి ముద్ర ఉంటే వాళ్లది. దవడ చూసుకో, నా ముద్ర ఉంది."

"నా ముద్ర కూడా ఉంది కదా."

"అది దొంగముద్ర."

మా బీటులో పట్టిన ప్రతి సాల్మన్‌నీ తిరిగి నీళ్లలో వదలాలి. గాలాలు తీసి వదిలేశాం. పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక తగవు పూర్తిగా మిగిలింది. ఒకడు చేప పడితే రెండోవాడు విస్కీ పోయాలని ఇక్కడి ఆచారం. ఆ రోజు ఎవరూ పోయలేదు. ఆ సీసా సీలు తీయకుండా అలమరలోనే ఉంది. దాన్ని ఈవర్‌కి ఇస్తున్నాను. తాగేటప్పుడు చేప ఎవరిదో తేల్చబోకూడదు.

అప్పటి నుంచి బావ నాతో నేరుగా మాట్లాడడు. రెండు మూరల బల్లకి అటూ ఇటూ కూర్చుని, "ఈవర్, మా బామ్మర్దికి చెప్పు, ఉప్పు ఇటు తోయమని" అంటాడు. ఈవర్ చెబుతాడు. నేను తోస్తాను. ఈవర్ లేనప్పుడు కుక్కకి చెప్పేవాడు. కుక్క చచ్చిపోయిన ఏడాది ఉప్పు లేకుండా తిన్నాడు.

మడుగులో ఇద్దరు గాలం వేసేటప్పుడు ఒక పద్ధతుంది. ముందు దిగినవాడు గాలం విసిరినప్పుడల్లా ఒక అడుగు కిందికి జరుగుతాడు, రెండోవాడు వెనకాల వస్తాడు. బెదరని చేప ముందువాడిది, అందుకే ముందు దిగమనడం మర్యాద. నిరుడు ఒక మంగళవారం నీళ్లు అద్భుతంగా ఉన్నాయి. చేపలు మడుగంతా ఎగురుతున్నాయి. "ఈవర్, ఆయన్ని ముందు దిగమను" అన్నాను. "ఈవర్, అతని దయ నాకక్కర్లేదు, అతన్నే దిగమను" అన్నాడు బావ. ఇద్దరం బెంచీకి చెరో కొసనా కూర్చున్నాం. ఈవర్ మధ్యలో తిరిగి తిరిగి, "సార్, మీరిద్దరూ కాదంటే నేను దిగనా?" అన్నాడు. "కూర్చో" అన్నాం ఇద్దరం. మా ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది ఆ ఒక్కసారే. చీకటి పడేదాకా కూర్చుని, గాలాలు తడపకుండానే ఇంటికి పోయాం. మంచి చేపలు. ఒకటైతే గొర్రెపిల్లంత ఉంది.

5. ఇక అసలు ఆస్తి. దిగువ బీటులో జూలై మూడో వారం, సోమవారం నుంచి శనివారం దాకా (ఆదివారం మా నదులకి సెలవు), ఏటా చేపలు పట్టుకునే హక్కుని మా అక్క పెళ్లయిన ఏడాది బావా నేనూ చెరిసగం కొనుక్కున్నాం. అందులో నా సగం. ఈ వీలునామా లేకపోతే చట్టప్రకారం అది రనల్డ్‌కి పోతుంది. అతను స్పీకరు తెస్తాడు. ఒకే రంగు బనియన్లు తొడుక్కున్న ఉద్యోగులు మడుగు మధ్యలోకి దిగి చప్పట్లు కొడతారు. ఒడ్డున బావ గాలపు రాడ్డు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ బొమ్మ కళ్ల ముందు పెట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కలేను.

కనుక నా సగాన్ని నా తదనంతరం టొర్క్విల్ మాథసన్ సర్వహక్కులతో అనుభవించవలెను. షరతు ఒక్కటే: నా రాడ్డు చోటు ఖాళీగా ఉంచకూడదు. తనకి మాటల్లేని మనిషినొకణ్ణి ఆ చోట నిలబెట్టుకోవాలి. అతనికి అది అలవాటైపోయింది, ఈ వయసులో మానలేడు. అలాంటివాళ్లు జిల్లాలో చాలామందే ఉన్నారు.

6. నా బూడిద మడుగులో కలపదలిస్తే ఆదివారం కలపండి. నీళ్లు తక్కువగా ఉంటే ఆగండి. లేకపోతే వారమంతా ఒకేచోట తేలుతూ గాలాలకి అడ్డం పడతాను.

పై ఆరు అంశాలూ చదువుకుని, ఒప్పుకుని, గుడిసెలో దొరికిన ఒకే కలంతో సంతకం చేశాను.

2019 జూలై 19, శుక్రవారం.
ఫార్కర్ గిలెస్పీ

సాక్షుల విషయం కూడా రాయాలి. మా వకీలు ఇంకో నది మీద తన వారంలో ఉన్నాడు, సోమవారం దాకా రాడు. మా చట్టానికి ఒక్క సాక్షి చాలట, ఆస్తి అందుకునేవాడైనా సరేనట. కానీ రనల్డ్ తనని కోర్టుకి ఈడుస్తాడని ఈవర్‌కి భయం. "ఒక్కణ్ణే పెట్టను సార్. ఆయన ముందు పెడితే కింద నేను పెడతా" అన్నాడు. గుడిసెలో ఇంకున్న మనిషి బావ ఒక్కడే. కాగితాలు అతని ముందు పెట్టాం.

కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. నాలుగో అంశం రెండుసార్లు చదివాడు. ఐదో దాని దగ్గర చాలాసేపు ఆగాడు. పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి ఇగిరిపోయింది, ఎవరూ లేవలేదు.

"ఈవర్, ఇందులో పూర్తి మతిస్థిమితం అని ఉంది. అది నేను కళ్లారా చూసినట్టు సంతకం పెట్టాలా?" అన్నాడు.

"అలాగే ఉంది సార్."

"పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నా. ఎప్పుడూ తగల్లేదు."

అంటూనే బావ సంతకం పెట్టి, తారీఖు వేసి, నా కలం తన జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

సంతకం తర్వాతిదంతా పెన్సిలుతో రాశాను.

సాక్షులు:
టొర్క్విల్ మాథసన్
ఈవర్ బెతూన్ (పెన్సిలుతో)