అరువు తెచ్చిన మిషన్

అక్కా,

పాపను మా కాలేజీలోనే చేర్పిస్తానని రాశావు. "బాగుందని నువ్వేగా చెప్పావు" అన్నావు. నిజమే, చెప్పాను. ఇప్పుడు వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేత్ మిషన్లు రెండూ మూలపడి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెబుతున్నాను. ఈత గురించి చదివించి ఏట్లోకి తోసినట్టుంది నా పని. పోయినేడు తనిఖీకి వస్తున్నారనగానే ప్రిన్సిపాల్ గారు ఎక్కడినుంచో ఒక మిషన్ అరువు తెచ్చారు. "మాస్టారూ, మీరు కాసేపు నడిపి చూపించండి చాలు, మనకి పెద్ద కాలేజీ హోదా వచ్చేస్తుంది" అన్నారు. నడిపాను. హోదా వచ్చింది. సాయంత్రానికల్లా మిషన్ లారీ ఎక్కి వెళ్లిపోయింది.

మొన్న నా దగ్గర క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయి కనబడింది. ఫ్యాక్టరీలో చేరిన రోజే లేత్ ముందు నిలబెట్టారట. ఎలా ఆపాలో తెలియక కంగారులో చెయ్యి పెట్టేసింది. రెండు వేళ్లు పోయాయి. నన్ను ఒక్క మాట అనలేదక్కా. "ఆపే మీట బొమ్మలో ఎటువైపు ఉంది మాస్టారూ? నాకు గుర్తు రాలేదు" అంది.

పై అధికారులకి రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. తనిఖీ కాగితాల మీద సంతకం నాదే. చెయ్యాడలేదు.

పాపను పంపకు. ఎందుకని బావగారు అడిగితే సీట్లు నిండిపోయాయని చెప్పు. అది అబద్ధమేమీ కాదు. ఆ హోదా చూసి నలభై మంది చేరారు. రేపటినుంచి వాళ్లకి నేనే పాఠం చెప్పాలి.

నీ తమ్ముడు