తొమ్మిది కర్రపెండలం మొక్కలు

సెరెరే,
ఆదివారం మధ్యాహ్నం.

నా తల్లి అముగేకి,

అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. మీ నాన్న మోకాలు మాత్రం మబ్బు పట్టే ముందే మూలగడం మొదలుపెడుతోంది. నువ్వు ఆ కంపాలాలో వేళకింత తింటున్నావని అనుకుంటున్నాను. పరీక్షలని చెప్పి పూటంతా టీ నీళ్ళతో గడిపేయకు.

నీ ఉత్తరం గురువారం అందింది. నాలుగు సంగతులు అడిగావు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోది రాయడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

నాన్న మోకాలి సంగతి పైనే రాశాను. వానలు ఈసారి వేళకే వచ్చాయి. నువ్వులు చల్లాం, రాగి మొలిచింది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ.

ఇక నీ చదువు గురించి ఇక్కడివాళ్ళు ఏమంటున్నారని అడిగావు కదా. మీ మేనత్త అపియో మొన్న వచ్చి, "డిగ్రీ అయ్యాక మళ్ళీ చదువేంటి? మొదటిసారి సరిగ్గా రాలేదా?" అంది. "డిగ్రీలో మొక్క ఎలా బతుకుతుందో నేర్పారు వదినా. ఇప్పుడు దాని ఒంట్లో దాక్కున్న జబ్బును పట్టుకోవడం నేర్పుతున్నారు. బయోటెక్నాలజీ అంటారు" అన్నాను. "బయో... బయోటె... పోనీలే, నా నోరు తిరగదు. ఉద్యోగం వస్తుందా?" అంది.

మీ నాన్న సంగతి చెప్పాలా? అజోనో కల్లు కుండ చుట్టూ గొట్టాలు పట్టుకుని కూర్చున్న మగాళ్ళందరికీ ఇదే పురాణం. "నా కూతురు నువ్వుగింజలో సగం ఉన్న చిగురు కొసని కోసి, సీసాలో పెట్టి, జబ్బు లేని మొక్కని చేస్తుంది తెలుసా!" అంటాడు. ఒకిరోర్ బాబాయి ఊరుకోడు కదా: "అయితే అన్నయ్యా, నీ మోకాలు కూడా కోసి సీసాలో పెట్టించుకో" అన్నాడట. అందరూ నవ్వుతుంటే మీ నాన్న ఇంకా గర్వంగా కూర్చున్నాడట.

ఇప్పుడు నాలుగోది.

నేను పంపిన నీ సీసా మొక్కల ఆకుల్లో తొమ్మిదింటికి జబ్బు తేలిందని రాశావు. నీ పద్ధతే తప్పేమోననీ, ఇంకో ఏడాది మొదట్నుంచీ చెయ్యాలేమోననీ రాశావు. "అమ్మా, పొలంలో నీకేమైనా తేడాగా కనిపించిందా?" అని అడిగావు. ఆ ఒక్క వాక్యం దగ్గర అక్షరాలు నీవి కానట్టున్నాయి.

అమ్మాయ్, ఆ తొమ్మిది మొక్కలూ నీవి కావు. నేను నాటినవి.

నువ్వు సీసాల్లో పెంచిన కర్రపెండలం మొక్కలు అరవై, పక్కనే ఊళ్ళో మామూలుగా నాటే కర్రలు అరవై నాటించి, నోటుపుస్తకం నా చేతికిచ్చావు. "చూసి రాయి, అంతే. నీళ్ళు పోయకు. మొక్క చచ్చినా తీయకు" అన్నావు. అలాగే చేశాను, జనవరి ఎండలదాకా. అప్పుడు నీ మొక్కలు తొమ్మిది వాడిపోయి చచ్చాయి. ఆ వారం బోరింగు దగ్గర మన ఆడవాళ్ళ సంఘంలోని అలుపో అంది: "ఏం అముగే వాళ్ళమ్మా, నీ కూతురి సీసా పిల్లలు కళ్ళు తేలేస్తున్నాయట? నీడపట్టున పెరిగినవి కదా పాపం!" ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది.

మర్నాడు తెల్లారగానే ఆవుల దొడ్డి వెనకున్న మన పాత చేలోంచి పచ్చగా కనిపించిన లేత మొక్కలు తొమ్మిదింటిని వేళ్ళతో సహా పెకలించి, ఆ గుంటల్లో పెట్టాను. రెండు వారాలు చాటుగా నీళ్ళు పోశాను. పుస్తకంలో "అరవై బతికే ఉన్నాయి" అని రాశాను. ఆకు పచ్చగా ఉంటే చాలనుకున్నాను. పచ్చటి ఆకు కింద దుంప కుళ్ళుతుందనే కదా నువ్వు చదువుతున్నది! అది నువ్వు నాకు చెప్పావు కూడా. ఆ పొద్దు నాకేదీ గుర్తు రాలేదు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. నిన్న దుంపలు తవ్వించడానికి నీకు చదువు చెప్పే డాక్టర్ నాంటోంగో వచ్చారు. మన సంఘం ఆడవాళ్ళు ఇరవైమందీ వచ్చారు. మీ నాన్న పార ఎత్తాడు. ఇక నేను ఆగలేకపోయాను.

"తవ్వకండి. డాక్టరమ్మా, ముందు నా మాట వినండి" అన్నాను. "మీకు జబ్బు కనిపించిన మొక్కలు నా కూతురివి కావు. ఆమెవి చచ్చిపోతే నేను వేరేవి పెట్టాను. పుస్తకంలో అబద్ధం రాశాను."

మీ నాన్న పార దించి నా మొహంలోకి చూశాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్నలా చూడలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. సంచిలోంచి పరీక్షల కాగితం తీసి, గుండెకి ఆనించి పట్టుకుంది. "ఏ తొమ్మిదో మీకు గుర్తున్నాయా అమ్మా?"

"నా పిల్లలు పుట్టిన రోజులు మర్చిపోతానా?"

"అయితే మీరు గుర్తు పెట్టండి. నా కాగితంలో ఏ గుంటలున్నాయో నేను చెప్పను."

అరటి నార చీలికలు తీసుకుని వరసల్లోకి వెళ్ళాను. ఎక్కడా తడుముకోలేదు. తొమ్మిదింటికీ కట్టాను. ఆమె వెనకే వచ్చి, ఒక్కో గుంట లెక్కబెట్టి కాగితంలో చూసుకుంది. తొమ్మిదికి తొమ్మిదీ కలిశాయి.

"ఇప్పుడు తవ్వండి" అంది.

నార కట్టినవాటి దుంపలు కత్తితో కోస్తే లోపల గోధుమరంగు కుళ్ళు. ఊళ్ళో కర్రల అరవైలోనూ నలభైకి పైగా అదే గతి. నీ యాభై ఒక్కటీ తవ్వాం, తల్లీ. ఒక్కటంటే ఒక్కదాంట్లో మచ్చ లేదు. సుద్దముక్కలా తెల్లగా ఉన్నాయి. మీ నాన్న ఒక దుంప చేతిలోకి తీసుకుని, సాయంత్రందాకా ఎవరికీ ఇవ్వలేదు.

డాక్టరమ్మ గట్టు మీద కూలబడి, "అముగే పద్ధతి పనిచేసింది" అంది. ఆకులూ దుంపలూ మళ్ళీ పరీక్షకి పట్టుకెళుతోంది. తర్వాత నాకు చీవాట్లూ పెట్టింది. "ఎండకి చచ్చిన మొక్క కూడా మాకు సమాధానమే అమ్మా. మీరు ఆ సమాధానం చెరిపేశారు. ఆ పిల్ల ఏడాది బతుకు మట్టిలో కలిసేది." తల వంచుకుని విన్నాను. వినాల్సిందే.

వెళ్ళేముందు అలుపో నా దగ్గరికొచ్చి, "నాకో కట్ట కర్రలిస్తావా, ఇంకా కోపమేనా?" అంది. "అడగాల్సింది అముగేని. ఆ మొక్కల తల్లి అదే" అన్నాను. "అయితే నీ కూతురికి రాయి. అలుపో వరసలో మొదటిదని రాయి" అంది. రాశాను.

ఇదంతా నీకు ఫోన్ చేసి చెబుతానని డాక్టరమ్మ అంది. వద్దన్నాను. నా తప్పు నా చేతిరాతలోనే నీకు చేరాలి. ఆమె రేపు బయల్దేరుతుంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. నువ్వు చదివేదాకా నోరు విప్పనని మాటిచ్చింది.

కోపం వస్తే తెచ్చుకో. తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టు. మీ నాన్నకి చదివి వినిపిస్తాను. ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి. నువ్వు రాయబోయే ఆ పెద్ద పుస్తకంలో తొమ్మిది చచ్చాయని రాయి, మార్చారని కూడా రాయి. "ఒక రైతు" అని రాస్తే చాలు, పేరెందుకు అని డాక్టరమ్మ అంది. నేను ఒప్పుకోలేదు. సెరెరేలో అగుతి అనే ఆడది మార్చిందనీ, తనే చెప్పిందనీ, ఆమె నీకు అమ్మ అవుతుందనీ రాయి. అంత నిజమైన పుస్తకంలో నా పేరు ఎలా ఉన్నా నాకు గొప్పే.

ఇట్లు,
నిన్ను కన్నందుకు తల ఎత్తుకు తిరిగే
మీ అమ్మ,
అగుతి