గోడ మీద పెన్సిల్ గీత

మంగళవారం

పొద్దున్నుంచీ నా ఎడమకాలి చెప్పు కనపడలేదు. చివరికి కబోర్డులొచ్చిన అట్టపెట్టె కింద దొరికింది.

చేయిస్తే ఖర్చెక్కువని కోడలు సునీత వంటింటికి రెడీమేడ్ కబోర్డులు కొన్నది. పై కబోర్డు అడుగు ఎక్కడికి రావాలో ఫిట్టర్ గోడ మీద పెన్సిల్ గీత గీసి భోజనానికి వెళ్ళాడు. మా ఆవిడ చెయ్యెత్తి చూసింది. గీత దాకా అందింది గానీ, అంత ఎత్తునుంచి డబ్బా తియ్యడం తనవల్ల కాదు.

“పోపు డబ్బాకి కూడా నిన్ను పిలవాలి కదమ్మా,” అంది.

“నేను ఆఫీసులో ఉంటే మావయ్యగారు తీస్తారు అత్తయ్యా.”

“ఆయన్ని జీలకర్ర అడిగితే ముందు పాట పాడమంటారు.”

నిజమే, అంటాను. కానీ నలభై ఏళ్ళు ఎవర్నీ అడక్కుండా వండిన మనిషి, ఆ తర్వాత అన్నం సగంలో వదిలేసింది.

సాయంత్రం కబోర్డు బిగించాక సునీత తేరిపార చూసి, “కిందికొచ్చినట్టుంది మావయ్యగారూ,” అంది.

“గోడ దిగిందేమోనమ్మా,” అన్నాను.

మా ఆవిడ పోపు డబ్బా తనే పెట్టింది, తనే తీసింది. రేపట్నుంచి కబోర్డు అంచు నా నుదుటికి తగులుతుందేమో, చూడాలి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తాకోడళ్ళు చేతులు కడుక్కుంటుంటే ఆ గీత తుడిచేసి, ఫిట్టర్ వదిలెళ్ళిన పెన్సిల్‌తోనే బెత్తెడు కిందికి గీసింది నేనే.