పోర్టికో కింద ఎర్ర చార

ప్రభువునందు ప్రియమైన అక్కకు తమ్ముడు రాజు వందనాలు. ఇక్కడ నేను క్షేమమే. నువ్వు, బావగారు, పిల్లలు, నీ దగ్గర లేసు అల్లే మన పేట ఆడవాళ్ళు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బీపీ మాత్రలు మానకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటిరా అంటావు. ఫోన్ చేస్తే బావగారు స్పీకర్ పెట్టి, "కెనడా ఇంజినీరుగారు వచ్చారండోయ్!" అని నవ్వి కట్టేస్తున్నారు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. పాస్టరుగారికి చూపించు. ఆయన మాట బావగారు కాదనరు.

ఇక్కడ చలి సంగతి ఏం చెప్పను! ముక్కులో తడి కూడా గడ్డకడుతుంది. గదిలో ఒక్కణ్ణే. అన్నం, ఆవకాయ, గోడతో కబుర్లు. బెంగపడకు, తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాను.

మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దానికి కాంక్రీటు ఎంతవరకు తట్టుకుంటుందో చూడటమే మా ల్యాబ్ పని. కాంక్రీటు పలక మీద ఉప్పునీళ్ళు నిలబెట్టి, గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ ఫ్రీజర్లో పెడతాం. పోనుపోను పైపొర పెచ్చులుగా లేస్తుంది. వాటిని ఊడ్చి తూకం వేస్తాం. మొదట్లో తమాషాగా ఉండేది. ఇప్పుడు ఊడ్చినప్పుడల్లా మీ పోర్టికో గుర్తొచ్చి భయమేస్తోంది.

మొగల్తూరులో ఆ స్లాబు వేసిన వేసవి గుర్తుందా? కాలువకి నీళ్ళు కట్టేశారు. మంచినీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా ఆగుదామన్నాను. "ప్రార్థన అయిపోయింది, కూలీలకి బిర్యానీ ఉడుకుతోంది, ఇంకా ఆగేదేంటి?" అని బావగారు రొయ్యల చెరువు పక్క బోరు నీళ్ళే పోయించారు. నోట్లో వేసుకుంటే ఉప్పు కషాయం!

"మన ఊళ్ళో మంచు పడుతుందేంటి?" అని ఇప్పుడూ ఆయన వాదన. పడదు. మంచూ ఉప్పూ కలిస్తే పైపొర పోతుంది అక్కా. మంచు లేకపోయినా, నీళ్ళతోపాటు కాంక్రీటులో కలిసిన ఉప్పు లోపలి ఇనప చువ్వల్ని తింటుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే కింది భాగం విడిపోతుంది. నువ్వు ఫొటో పంపిన ఎర్ర చార చెమ్మ కాదు, తుప్పు. సున్నం కొట్టిస్తే చార కనబడదు గానీ తుప్పు ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం మీరంతా చాపలు పరుచుకుని లేసు అల్లేది దాని కిందే. నా తల్లివి కదూ, చాపలు పెరట్లోకి మార్చు. ఎండని ఎవరైనా సణిగితే నన్ను తిట్టమను. తెలిసిన ఇంజినీరు వచ్చి చూసేదాకా దాని కింద పిల్లినైనా పడుకోనివ్వకు.

మా సారు పాత వంతెనల్ని సుత్తితో కొట్టి చెవితో పరీక్షిస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల విడిపోతే డొల్లగా మోగుతుంది. అందుకే మొన్న ఆ చార పక్కన పొడుగు కర్రతో కొట్టమన్నాను. ఫోనులో విన్నాను. "డప్పులా మోగుతోందిరా!" అని నువ్వు నవ్వావు. సరదాగా ఉందని పిల్లలూ వచ్చి కొట్టారు. ఆపమని నేను అరిచేలోపే బావగారు కట్టేశారు.

అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. పిల్లలు రోజూ ఆ ఆట ఆడుతున్నారేమోనని హడలి చస్తున్నాను. ఆ కర్ర విరిచి పొయ్యిలో పెట్టు.

పాస్టరుగారికి, పేటలో పెద్దలందరికీ నా వందనాలు. ఎప్పుడూ నా కోసం ప్రార్థన చెయ్యమని రాసి ముగిస్తాను. ఈసారి ప్రార్థన తర్వాత చేద్దువుగాని, ముందు లేచి ఆ ఆడవాళ్ళని బయటికి పంపు.

నీ తమ్ముడు,
రాజు