తోడల్లుడి బండి ముందు, నా బండి వెనక

బొబ్బర్లంక, సోమవారం

మెకానిక్ అమ్మిరాజు గారికి చేపల బుల్లియ్య నమస్కారాలు.

ఫోను చేస్తే, "నోటితో చెబితే రోజుకో జబ్బు చెబుతారండి. కాయితం మీద రాసి బస్సు కండక్టరు చేతికివ్వండి" అన్నారు. మీ షెడ్డు పద్ధతి అదే అయితే అలాగే కానివ్వండి.

నా పికప్ వ్యానుకి పదిహేనేళ్ళు. నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాలుగా లాగడం లేదు. చేపల ట్రేలతో ఏటిగట్టు ఎక్కాలంటే రెండో గేరులో మూలుగుతోంది. నా తోడల్లుడు సురేష్‌బాబు మీకు తెలుసుగా, రావులపాలెం రైసు మిల్లు నుంచి మీ కోరుకొండ రోడ్డు ఇటుక బట్టీలకి ఊక తోలుతాడు. పోయిన నెల కొత్త బండి కొన్నాడు. గట్టు మీద నన్ను దాటిపోతూ హారన్ కొడతాడు. పైగా నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండిపోతోందండి. కుళ్ళు అనుకుంటారేమో, కుళ్ళే.

ఇంజను అయిపోయిందని మీరు తేలిస్తే శనివారం అమ్మేద్దామంటోంది మా ఆవిడ వీరదుర్గ. కొంటానన్నది ఎవరనుకున్నారు? ఆ సురేష్‌బాబే! నా బండి వాడి వాకిట్లో చూసేకంటే గోదాట్లోకి తోసేస్తాను.

ఇట్లు,
బుల్లియ్య

తా.క.: వాడి బండి లీటరుకి ఎంత ఇస్తోందో మీకు తెలిసినా రాయకండి. పోనీ, రాయండి.

రాజమండ్రి, మంగళవారం

బుల్లియ్య గారికి,

మీ కాయితంలో బండి గురించి నాలుగు ముక్కలున్నాయి, తోడల్లుడి గురించి పధ్నాలుగు. నాకు ఆ నాలుగూ చాలవు.

పొగ ఏ రంగు? ఖాళీగా వెళ్ళినా లాగడం లేదా? పది కిలోమీటర్లు తోలి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఏదన్నా కాలిపోతుంటే బ్రేకు పట్టేసినట్టు. ఇంజను అరుస్తున్నా బండి కదలకపోతే క్లచ్ జారుతున్నట్టు. డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు మార్చారు? చిన్నవన్నీ తేలాకే ఇంజను మాట. అంతదాకా అమ్మకం మాటెత్తకండి.

ఉంటాను,
అమ్మిరాజు

తా.క.: పొగ మీ బండిది చూడండి, ఆయన బండిది కాదు.

బొబ్బర్లంక, బుధవారం

అమ్మిరాజు గారికి,

ఈసారి నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

పొగ నల్లగా ఉంది. ఖాళీగా వెళ్ళినా అదే వరస. చక్రాలు చల్లగానే ఉన్నాయి, క్లచ్ జారడం లేదు. డీజిల్ ఫిల్టరు మొన్ననే మార్చాను. ఎయిర్ ఫిల్టరు కొత్తది వేసి నెలే అయింది, దాని జోలికి పోకండి.

నా అనుమానం వేరు. వాడు బండి కొన్ననాటి నుంచీ నేను ఊరుకోలేదండి. రోజూ ట్రేలు వేసుకుని గట్టు మీద కాచుకుంటున్నాను. గట్టు దగ్గర దాటిపోయినా బ్యారేజీ మీద అందరిదీ ఒకటే నడక కదా! అక్కడ అందుకుని, బట్టీ దాకా వాడి బంపరు వదలకుండా వెళ్తున్నాను. నిన్న ఆ బండి ఎక్కడ ఆగింది? మీ షెడ్డు ముందు! మీ బల్ల మీద ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, మీ ఇద్దరూ గుసగుసలు. నా బండి అయిపోయిందని మీచేత చెప్పించి, వాడు కొట్టేద్దామనేగా?

ఇట్లు,
అన్నీ చూస్తున్న బుల్లియ్య

తా.క.: అవి నేతివా, డాల్డావా?

రాజమండ్రి, గురువారం

బుల్లియ్య గారికి నమస్కారం. నేను ఆలోచించకుండానే పెడుతున్నాను.

ఆయన తన బండి పని మీద వచ్చాడు. ఆ పనేంటో ఆయన సరేననకుండా మీకు చెప్పను. మీ కాయితాలూ ఆయనకి చూపించలేదు. రేపు బండి షెడ్డులో వదిలేసి ఇంటికెళ్ళిపోండి. మీరు పక్కనుంటే ఇంజను చప్పుడు నాకు వినపడదు.

అమ్మిరాజు

తా.క.: నేతివే. చాలా బాగున్నాయి.

డ్రైవరు సీటు మీద, శుక్రవారం

అమ్మిరాజు గారికి,

బండి వదిలి వెళ్తున్నాను. వెళ్ళబుద్ధి కావడం లేదు. ఈ బండి మీదే పిల్లల్ని చదివించాను. మీరేం చెబితే అది వింటాను. కాకపోతే మనిషన్నాక జాగ్రత్త ఉండాలి. నా ఇంజను తీసి వాడి బండికి పెట్టకుండా దాని మీద మా ఆవిడ గోళ్ళరంగుతో మూడు చుక్కలు పెట్టాను.

బుల్లియ్య

తా.క.: నాలుగో చుక్క కూడా ఉంది. ఎక్కడుందో చెప్పను.

రాజమండ్రి, శనివారం పొద్దున్న

బుల్లియ్య గారికి శుభవార్తతో అమ్మిరాజు,

మీ ఇంజను రాయిలా ఉంది. ఇంకో లక్ష కిలోమీటర్లు నిక్షేపంగా తిరుగుతుంది. మీరు జోలికి పోవద్దన్న ఎయిర్ ఫిల్టరు జోలికే పోయాను. డబ్బా మూత తీస్తే లోపల ఊక! చేటలో పోస్తే చేట నిండింది. గాలి ఆడక, డీజిల్ సరిగ్గా మండక ఆ నల్లపొగ, ఆ మూలుగు.

చేపల బండిలో పొలుసు దొరికితే అర్థముంది. ఊక ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? నెల రోజులు ఊక బండి బంపరు పట్టుకు తిరిగితే రాక ఏం చేస్తుంది? బండి లాగక మీరు వెనకబడలేదు. సురేష్‌బాబు వెనక పడ్డారు గనకే బండి లాగలేదు. కొత్త ఫిల్టరు వేసి నేనే తోలి చూశాను, పరిగెడుతోంది. వీరదుర్గ గారితో అమ్మకం మానెయ్యమనండి.

ఇట్లు,
అమ్మిరాజు

తా.క.: సురేష్‌బాబు ఇప్పుడు సరేనన్నాడు గనక రాస్తున్నాను. ఆయన కొత్త బండి ఏదో లైటు వెలిగి, ఉన్నట్టుండి నడిరోడ్డు మీద ఆగిపోతోంది. అందరికీ చూపించుకున్న బండి కదా, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. మీ బండి అడిగింది కూడా, ఇంజను మార్పించుకునైనా నమ్మకంగా నడిచేది ఒకటుండాలనే. మీరు ఎలాగో సంగతి కనిపెట్టి, ఎక్కడ ఆగితే అక్కడ తాడు కట్టి లాగడానికి రోజూ వెనకాలే వస్తున్నారని ఆయన నమ్మకం. "అద్దంలో అన్నయ్య బండి కనపడితేనే నాకు ధైర్యమండి. సొంత అన్న కూడా ఇంత చెయ్యడు" అని నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మనిషికి నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని సోమవారం నుంచి కూడా వెనకే వెళ్ళండి. కాస్త ఎడంగా వెళ్ళండి.