మున్నీకి నేనేసిన గోళీ

మరోదా, భిలాయి
మంగళవారం

అప్పకి,

నీ చెల్లి నాగమణి దండాలెట్టి రాస్తంది. బావ, పిల్లలు, అమ్మ ఎలగున్నారు? అమ్మ మోకాలు ఇప్పుడెలగుంది, మెట్లెక్కుతందా? మేమిద్దరం బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, బెంగెట్టుకోకు. ఒంటికేటీ కాలేదు, మనసుకే అయింది. ఫోన్లో చెప్దామంటే మా గదికీ ఇంటావిడ వంటింటికీ మధ్య ఒక్క గోడే, తుమ్మినా వినిపిస్తాది. ఎదురింటివాళ్ళు రేపు దుర్గ్‌లో బండెక్కి విజయనగరం వస్తన్నారు. వాళ్ళ చేత ఈ ఉత్తరం పంపిస్తన్నాను.

ఇక్కడికొచ్చి మూడు నెలలు దాటింది. ఎండ మన ఎండ కాదప్పా. చెమటే పట్టదు, పెదాలు పగిలిపోతాయి. ఆరేసిన బట్టలకి సాయంత్రానికి ఎర్రటి దుమ్ము పట్టీసి ఉంటాది. మీ మరిదికి ఉక్కు ప్లాంటులో ఠేకాదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద పని. షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర చెడిపోతంది. పొద్దున్న ఇక్కడందరూ పోహా అని అటుకుల ఉప్మా తింటారు. మొదట్లో నాకు గొంతు దిగేది కాదు, ఇప్పుడు అలవాటైపోయింది. గదిలోనే మిషనేసుకుని జాకెట్లు, లంగాలు కుడతన్నాను. పని దొరుకుతంది గానీ మాట్లాడ్డానికే మనుషుల్లేరు. నా హిందీ వింటే కొట్టువాళ్ళకి నవ్వు.

ఆ దిగులు కొంచెం తీర్చింది ఇంటావిడ సరోజ దీదీయే. వాళ్ళ నాన్నది బొబ్బిలి దగ్గర, ఈవిడ ఇక్కడే పుట్టింది. "ఏటే నాగమణీ, ఖానా అయిందా?" అని రోజూ తలుపు దగ్గరికొచ్చి అడిగేది. పిల్లల్లేరు. మున్నీ అని ఒక పిల్లి ఉంది. కాలవలో పడి అరుస్తంటే తెచ్చి పెంచిందట. దానితో మాట్లాడినంత మొగుడితో కూడా మాట్లాడదు. ఆ మున్నీ పగలంతా నా మిషను కిందే పడుకునేది.

పోయిన సోమవారం అది వాంతులు మొదలెట్టింది. మధ్యాన్నం లోపల నాలుగుసార్లు. దీదీ హడలిపోయి, "దుర్గ్ తీసుకెళ్ళి డాక్టరుకి చూపిద్దామా?" అంది. నేనే, "ఎండ దెబ్బయ్యుంటాది దీదీ, సాయంత్రం దాకా చూద్దాం" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండును. మీ మరిదికి మొన్నామధ్య వాంతులైనప్పుడు మందుల కొట్టులో ఇచ్చిన గోళీలు మిగిలున్నాయి. పావు ముక్క విరిచి, నలిపి, పెరుగులో కలిపి దానికి నాకించీసాను. దీదీకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడాలోచిస్తే నాకే తెలీడం లేదు.

సాయంత్రానికి వాంతులు ఆగిపోయాయి. "నువ్వన్నదే నిజం, ఎండే" అని దీదీ నా గెడ్డం పట్టుకుంది. నాకూ సంబరమేసి, మళ్ళీ రాకుండా ఉంటాదని మర్నాడు పొద్దున్న ఇంకో పావు ముక్క వేసాను.

ఆ మంగళవారం మున్నీ మంచం కిందకి పోయి బయటికి రాలేదు. చేప ముక్క పెడితే మూతి తిప్పీసింది. "వాంతి లేదు కదా దీదీ, నీరసం అంతే" అన్నాను. బుధవారం పొద్దున్న పసుపుపచ్చగా కక్కి, పక్కకి ఒరిగిపోయింది. దీదీ మరి నన్నేటీ అడగలేదు. తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను.

డాక్టరు ఆడమనిషి, నా ఈడుదే. పొట్ట నొక్కి చూసి, నోరు తెరిచి, గెడ్డం కింద వేలెట్టి నాలిక పైకెత్తింది. "యే దేఖియే" అంది. అప్పా, నాలిక మొదట్లో ఆకుపచ్చ దారం చుట్టుకుని ఉంది! రెండో కొస గొంతులోకి దిగిపోయింది. ఆ దారం నాదే. ఆ రంగు ఒక్క జాకెట్టు కోసమే తెచ్చాను. ఆదివారం కచ్చా కుట్లు విప్పి, ఆ దారం నేల మీద వదిలీసాను. ఏటి చేస్తన్నానో తెలీక, లాగీడానికి చెయ్యి పెట్టాను. డాక్టరు నా చెయ్యి పట్టీసుకుని కేక పెట్టింది.

లాగితే పేగు కోసుకుపోతాదట. గుడ్డలోంచి దారం లాగితే కుచ్చులు పడినట్టు, లోపల పేగంతా ఆ దారం మీద ముడుచుకుపోయిందట. దీదీ అది నాకు తెలుగులో చెప్పబోయింది. నాకు చెప్పక్కర్లేకపోయింది. రోజూ లంగాలకి నేను చేసే పనే అది.

అప్పుడు డాక్టరు, "మధ్యలో వాంతులెలా ఆగాయి? మందేమైనా వేసారా?" అనడిగింది. దీదీ "లేదు" అనీసింది. నేను చెప్పీసాను. నా నోరు హిందీకి తిరగలేదు, తెలుగులోనే చెప్పాను. దాన్ని డాక్టరుకి తిప్పి చెప్పాల్సింది దీదీయే. నా మొహం వైపు చూస్తూనే, "ఇస్‌నే గోలీ దీ. దో బార్" అంది. ఇదే గోళీ వేసింది, రెండుసార్లని. అప్పా, ఆవిడ నన్ను కొట్టినా అంత బాధపడను.

డాక్టరు తిట్టలేదు. "వాంతి ఒట్టి రోగమే కాదు, లోపలేదో అయిందని ఒళ్ళు మనకి చెప్పడం కూడా. కారణం తెలీకుండా ఆపీస్తే అది మనకి వినపడదు. పేగుకి అడ్డం పడినప్పుడు కొన్ని మందులు ఇంకా చేటు చేస్తాయి. కుక్కకైనా పిల్లికైనా మనుషుల గోళీ మీకు మీరే వెయ్యకండి" అంది. ఆ రోజే కోసారు. మూడు చోట్ల పేగు తెరిచి దారం తీసారు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చెరో చివరా కూర్చున్నాం.

బతికిందప్పా. కానీ విను, ఆపరేషనయ్యాక డాక్టరు సూది నింపుతూ, "ఇది వాంతి ఆపడానికి" అంది. "వొద్దొద్దు!" అని అరిచీసాను. "ఇప్పుడు లోపల దారం లేదు. వికారముంటే ఇది తిండి ముట్టదు, తిండి ముట్టకపోతే పిల్లికి లివరు పాడవుతాది. దీని బరువు చూసి, దీనికి తగ్గ మందే ఇస్తన్నాను" అంది. వాంతి ఆపాలని నేను దాన్ని చంపబోయాను, అదే వాంతి ఆపడానికి ఆవిడ సూదేసి బతికిస్తంది. నాకింకా ఆ దిమ్మ వొదల్లేదు.

శనివారం ఇంటికి తెచ్చాం. దీదీ నాతో మాట్లాడ్డం లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటాదేమోనని రెండ్రోజులు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు కుడతన్నంతసేపూ నేలంతా వెతుకుతన్నాను, దారం ముక్క కనిపిస్తే డబ్బాలో వేసి మూతెడుతన్నాను.

బావకి గట్టిగా చెప్పు. మన నల్లకుక్కకి ఏదైనా జబ్బు చేస్తే ఇంట్లో ఉన్న గోళీ వెయ్యొద్దని, పశువులాసుపత్రికి తీసుకెళ్ళమని. మరిచిపోకు. ఇటొచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఎండు నెత్తళ్ళు కొంచెం పంపు. ఇక్కడ మంచివి దొరకడం లేదు.

ఇది రాస్తంటే ఇందాక దీదీ తలుపు దగ్గరికొచ్చింది. "మున్నీకి సిరప్పు పొయ్యాలి. ఒక్కదాన్నే పట్టలేకపోతన్నాను" అంది. వెళ్ళాను. మున్నీ మీద చెయ్యెయ్యడానికి జంకుతంటే, "నీ మీద కోపం పోలేదు. గట్టిగా పట్టుకో" అంది. పట్టుకున్నాను. పోసింది. మున్నీ నన్ను రక్కీసి మూలకెళ్ళి కూర్చుంది. అది కక్కుతాదా, లోపల ఉంచుకుంటాదా అని ఇద్దరం నేల మీద పక్కపక్కనే కూర్చుని చూస్తా ఉన్నాం. కక్కలేదు.

అమ్మకీ బావకీ నా దండాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. ఈ సంగతి అమ్మకి చదివి వినిపించకు, బెంగపడిపోతాది. నువ్వు మాత్రం నన్ను తిట్టి, తరవాత దీవించు.

నీ చెల్లి,
నాగమణి